సిపాయి నడత – మన గవాహీ



1948 సెప్టెంబర్ 13 నుండి 17 వరకు జరిగిన పోలీస్ యాక్షన్ మాట మన ఇళ్లలో నేటికీ మెల్లగానే చెప్పుకుంటాం. ఆ ఏడే కేంద్ర ప్రభుత్వ కోరికపై పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ గార్లున్న కమిటీ సంస్థానంలో తిరిగింది. 27 వేల నుండి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. మన ఆదిలాబాదును ఆనుకున్న నాందేడుతో పాటు బీదరు, గుల్బర్గా, ఉస్మానాబాదు జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి.

కొన్నిచోట్ల జవాన్లే జనాన్ని లూటీకి ఉసిగొల్పారని కమిటీ రాసింది. సైన్యం మొత్తం మీద క్రమశిక్షణతో నడిచిందనీ, ప్రాణాలకు తెగించి పొరుగు ముస్లిములను కాపాడిన హిందువులున్నారనీ కూడా రాసింది. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

అంతకుముందు పల్లెల్లో రజాకార్లు చేసిన జుల్మును కూడా ఇదే తరాజులో తూచాలి. యూనిఫారం ఎవరిదైనా, చేతిలో ఆయుధం లేనివాడి మీద తుపాకీ ఎత్తితే తప్పు తప్పే.

ఆనాటి సంగతి కళ్లారా చూసినవారు కొద్దిమందే మిగిలారు. వారి దగ్గర కూర్చొని రాసుకోండి. ఆనాటి జవాన్ల ఇళ్లవారినీ అడగండి. దోచినవాడి సంగతీ రాయండి, అడ్డుపడి కాపాడినవాడి సంగతీ రాయండి. సగం గవాహీతో ఇన్సాఫ్ కాదు.