మూకీకి వంతపాట



ఎవరి స్మృతిలో ఇవాళ నరసరావుపేటలో కూడుకున్నామో, ఆయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించి బతికిన మనిషి. అందుకే మూకీల సంగీతం గురించి మాట్లాడతానని నిర్వాహకులను నేనే అడిగాను. తెర మీద మాట లేని రోజుల్లో సినిమాను నడిపించింది ఆయనలాంటి వాద్యగాళ్లే.

మూకీలు చప్పుడు లేకుండా ఆడాయని చాలామంది అనుకుంటారు. రఘుపతి వెంకయ్యనాయుడు గారు 1910 ప్రాంతంలో మద్రాసులో తెప్పించుకున్న యంత్రం పేరు క్రోనోమెగాఫోన్. బొమ్మ ఆడుతుంటే దానికి జతగా గ్రామఫోను రికార్డు తిరిగేది. అంటే తెలుగువాడు వేసిన తొలి బొమ్మల్లోనే శబ్దం ఉంది. తర్వాత గుడారాల్లో ఆడిన సినిమాలకు ఒకే ప్రొజెక్టరు. రీలు మార్చేలోగా జనం లేచిపోకుండా హార్మోనియం, తబలా వాళ్లే పట్టి కూర్చోబెట్టాలి.

1921లో వెంకయ్య గారి కుమారుడు ప్రకాష్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. ఇవాళ దాని ప్రింటు లేదు. 1932 ఫిబ్రవరి 6న ‘భక్త ప్రహ్లాద’ విడుదలై తెలుగు తెరకు మాట వచ్చింది. ఆ తేదీని ఆధారాలతో తేల్చిన రెంటాల జయదేవ గారి ఇంటిపేరులో మన పల్నాటి ఊరే ఉంది. దక్షిణాది మూకీల్లో మనం ఇవాళ చూడగలిగింది ‘మార్తాండ వర్మ’ (1933). అదీ మూలనవల కాపీహక్కుల తగాదాలో పడి, ప్రింటు ఆ నవల ప్రచురణకర్తల దగ్గర ఉండిపోబట్టి దక్కింది.

బొమ్మలే పోయిన చోట వాటి పాట ఎక్కడ మిగులుతుంది? జర్మనీలో ‘మెట్రోపోలిస్’ (1927)కు హుప్పెర్ట్స్ రాసిన స్వరలిపి భద్రంగా ఉంది. 2008లో అర్జెంటీనాలో ఆ సినిమా తప్పిపోయిన భాగాలు దొరికినప్పుడు, ఏ ముక్క ఎక్కడ అతకాలో తేల్చడానికి ఆ స్వరాలే ఆధారమయ్యాయి. మన హార్మోనిస్టుకు ఎవరూ కాగితం ఇవ్వలేదు, ఆయనా రాసిపెట్టలేదు. కాబట్టి మన మూకీలకు ఇప్పుడు ఏం కూర్చినా అది కొత్త రచనే.

ఆ రచన జరుగుతూనే ఉంది. హిమాంశు రాయ్, ఫ్రాంజ్ ఆస్టెన్ కలిసి తీసిన ‘షిరాజ్’ (1928)కు 2017లో అనౌష్కా శంకర్ సంగీతం కూర్చారు. ‘ఎ త్రో ఆఫ్ డైస్’ (1929)కు నితిన్ సాహ్ని కూర్చిన సంగీతంతో 2007లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆరుబయట ప్రదర్శన వేశారు. ఇందులో పాచికల మోసంతో ఒక రాజు సర్వం పోగొట్టుకుంటాడు. కోడిపోరులో ఓడి, పల్నాటి రాజులైన మలిదేవాదులు మాచర్ల విడిచి ఏడేళ్లు వలసపోయిన కథ వింటూ పెరిగిన మనకు ఆ సన్నివేశం పరాయిది కాదు. దానికి పెద్ద ఆర్కెస్ట్రా ఒక దారి. పల్నాడు వినిపించగల దారి ఇంకొకటి ఉందని నా నమ్మకం.

తోలుబొమ్మలాట తెర వెనక్కి వెళ్లి చూడండి. ఆటగాడి రెండు చేతుల్లో బొమ్మలుంటాయి, నోట పద్యం ఉంటుంది. కాలి కింద చెక్కలుంటాయి. బొమ్మ బొమ్మను కొట్టిన క్షణానే కాలు చెక్కను తొక్కుతుంది. ముందు కూర్చున్న పిల్లవాడికి ఆ దెబ్బ తెర మీదే తగిలినట్టుంటుంది. ఇవాళ స్టూడియోల్లో సౌండ్ డిజైన్ అని చేసే పని ఆ కాలు ఎప్పటినుంచో చేస్తోంది.

నన్నడిగితే, పాచికలు దొర్లేటప్పుడు రాగం వద్దంటాను. చెక్క చప్పుడు చాలు. రాజు ఓడాక కాసేపు ఏమీ వినిపించకూడదు. ఆ తర్వాతే కారంపూడి వీరుల తిరునాళ్ల డప్పు.

పని మొదలుపెట్టేవారు ముందు వేగం చూసుకోవాలి. మూకీలు ఎక్కువగా సెకనుకు 16 నుంచి 20 ఫ్రేముల చొప్పున తీసినవి. 24కు పెట్టి ఆడిస్తే మనుషులు పరుగెడతారు, కూర్చిన తాళమంతా తప్పుతుంది. వేగం తేలాకే వాద్యగాళ్లను పిలవాలి. పిలిస్తే బొమ్మను ముందుగా పదేపదే చూడనివ్వాలి. పారితోషికం సినిమా సంగీతకారులకిచ్చినంత ఇవ్వాలి. డప్పు కొట్టినవారి పేరూ, చెక్క తొక్కినవారి పేరూ సంగీతకర్త పేరుతో పాటు అదే తెర మీద పడాలి.