అయోడిను పడదనుట: భ్రాంతియు నిజమును
(బెజ్జంకియందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో ఒక విశ్రాంతోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)

శ్రీ లక్ష్మీనరసింహస్వామివారు గుట్టపై కొలువైయున్న యీ బెజ్జంకిలో మన మందఱము ఒక్కచోట చేరుట నా వంటి వృద్ధునకు పండుగయే.

ఆహ్వానసంఘమువారు నన్ను విద్యావిషయమై ప్రసంగింపుమని కోరిరి. నేను వారి యనుమతితో వైద్యసంబంధమగు నొక చిన్న విషయమును ఎన్నుకొంటిని. నేను వైద్యుడను గాను. సంస్కృతము చదువుకొని, ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దములును విభక్తులును నేర్పినవాడను. అయినను ఒక పదమును తప్పుగా ప్రయోగించుటవలన ఒక కుటుంబమునకు ఎంత కష్టము రాగలదో నా యింటనే చూచితిని గావున, ఇది నా వృత్తికి బొత్తిగా దూరమైన విషయము గాదని మనవిచేయుచున్నాను.

ఆఱేండ్ల క్రిందట నా ధర్మపత్ని పెరటిలో జారిపడగా మోకాలిక్రింద గాయమయ్యెను. ఒక దవాఖానాలో గాయము కడిగి, గోధుమవన్నె మందు పూసి, దూది యుంచి, జిగురుపట్టీ అంటించి పంపిరి. మఱునాటికి దురద పుట్టి, మూడవనాటికి చర్మము కంది పొక్కులు లేచెను. మరల పోగా నచ్చటివారు చూచి, "అమ్మా, మీకు అయోడిను పడదు" అని చెప్పి, చీటిమీద ఎఱ్ఱసిరాతో ఆ మాటనే వ్రాసి యిచ్చిరి. ఏ మందు, ఎచ్చట పూసిరి, ఏమి జరిగెను అను వివర మొక్కటియు నందు లేదు.

ఆ యెఱ్ఱసిరా మా యింట శాసనమయ్యెను. ఉప్పుపొట్లముమీద అయోడిను పేరు కనబడగానే ఆ యుప్పు వంటింటినుండి వెడలినది. సైంధవలవణమును, ఎవరో తెచ్చియిచ్చిన పేరులేని గల్లుప్పును వాడుకలోనికి వచ్చినవి. ఒక్కరి కొఱకు రెండు కూరలు వండుట యెందులకని యింటిల్లిపాదియు నదే తినుచుంటిమి. ఇంతలో మా కోడలు గర్భవతి యయ్యెను. రక్తపరీక్షలో థైరాయిడు తక్కువగా నున్నదని తేలగా, డాక్టరమ్మగారు మాత్ర లిచ్చి, "ఏ యుప్పు తినుచున్నారు?" అని యడిగిరి. సంగతి విని, ఈ లోపమునకు ఉప్పే కారణమని తాను చెప్పజాలననియు, గర్భిణికి అయోడినులేని యుప్పు పెట్టుట మాత్రము తప్పనియు గట్టిగా మందలించిరి. మనుమడు క్షేమముగా జన్మించెను. ఆ దినములు తలచుకొన్నచో నాకు నేటికిని గుండె జలదరించును.

అంతటితో నయినను మాకు బుద్ధి రాలేదు. రెండేండ్ల క్రిందట నా ధర్మపత్నికి తీవ్రమగు కడుపునొప్పియు జ్వరమును వచ్చెను. సి.టి. స్కాను తీయింపవలెననిరి. రక్తనాళములోనికి ఎక్కించు మందుతో తీసినగాని లోపలి సంగతి స్పష్టము కాదట. పరీక్ష చేయువారు మా పాత చీటి చూచి, "అయోడిను పడనివారికి మేము చేయము" అని త్రిప్పిపంపిరి. మఱియొకచోట నదే మాట. రెండు దినము లిట్లు గడచినవి. మూడవచోట నొక వయసు మీఱిన వైద్యులు చీటిని ప్రక్కన బెట్టి, మంచమువద్ద కూర్చుండి యడిగిరి: "అమ్మా, కందినది మందు పూసినంత మేరయా, పట్టీ అంటినంత మేరయా? ఊపిరాడక పోయెనా? పెండ్లిండ్లలో అందఱితోపాటు భోజనము చేయుచున్నారా?" ఆమె జ్ఞాపకము చేసికొని, గాయముచుట్టు నేమియు లేదనియు, పట్టీయంచులవెంబడి చతురముగా కందినదనియు చెప్పెను. బంధువుల యిండ్ల భోజనమువలన నే నాడును బాధ కలుగలేదనెను. ఆయన నవ్వి పరీక్ష చేయించిరి. ఏ యుపద్రవమును రాలేదు. అపెండిక్సు చిట్లి చీము చేరినదని తేలగా, వెంటనే శస్త్రచికిత్స చేసి కాపాడిరి. మఱియొక దినము జాగుచేసినచో నేమగునో చెప్పలేమనిరి. తరువాత చర్మవైద్యులు పరీక్షించి, ఆమెకు పడనిది పట్టీయొక్క జిగురే కాని ఆ మందు గాదని నిర్ణయించిరి.

సోదరులారా! తర్కశాస్త్రము చదివినవా రెఱుగుదురు. కారణమును నిర్ణయించుటకు అన్వయ వ్యతిరేకములు రెండును కావలెను. అది యున్నచోట నిది కలుగవలెను, అది లేనిచోట నిది కలుగరాదు. అయోడినే దోషియైనచో ఏండ్లతరబడి తిన్న యుప్పుతో నేల బాధ కలుగలేదు? ఈ చిన్న ప్రశ్నను మాలో నొక్కరమును వేసికొనలేదు. తర్కము చదివిన నేనును వేసికొనలేదు. త్రాటిని జూచి పాము అనుకొన్నవాడు దీపము తెచ్చి చూడవలెను గాని, ఇల్లు విడిచి పాఱిపోరాదు గదా!

ఇక నీ యయోడి ననగా నేమి? 1811వ సంవత్సరమున ఫ్రాన్సుదేశములో బెర్నార్ కూర్త్వా యనునాతడు సముద్రపు నాచు బూడిదనుండి పనిచేయుచుండగా ఊదావన్నె ఆవిరి పుట్టెను. ఆ వన్నెను బట్టియే గ్రీకుభాషలో దీనికి పేరు వచ్చినది. ఇది మూలద్రవ్యము. మన కంఠమునందలి థైరాయిడు గ్రంథి దీనితోనే తన రసమును తయారుచేయును. ఆ రసములో ముఖ్యమగు థైరాక్సిను అణువొక్కంటికి నాలుగు అయోడిను పరమాణువు లుండును. పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాములును, గర్భిణులకు 250 మైక్రోగ్రాములును కావలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. లెక్కవేసి చూడుడు. డెబ్బదియేండ్ల జీవితమునకు నాలుగు గ్రాములైనను నిండదు! అంత స్వల్పము, అయినను లేనిచో గడవదు. మన రక్తములో అనుక్షణము సంచరించుచున్న ద్రవ్యము మనకు బొత్తిగా సరిపడదనుట యెట్లు పొసగును?

ఎలర్జీ యను మాటను 1906లో ఆస్ట్రియాదేశపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. మన యాయుర్వేదమునందు సాత్మ్యము, అసాత్మ్యము అను మాట లున్నవి. శరీరరక్షణశక్తి శత్రువు గాని దానిని శత్రువని పొరబడి చెలరేగుటయే యెలర్జీ. ఆ శక్తి సాధారణముగా పెద్ద యణువులను గుర్తించును. కావున "అయోడిను ఎలర్జీ" యని లోకము చెప్పుకొనునది నిజమునకు మూడు వేర్వేఱు సంగతులు.

మొదటిది, చర్మముపై పూయు మందు. నేడు తఱచుగా వాడుచున్నది పొవిడోన్ అయోడిను. ఇది తడిగా నున్నపుడే కప్పి కట్టినచో చర్మమును మండించి పొక్కించును. అది చాలసారులు రాపిడివంటి బాధయే కాని యెలర్జీ గాదు. పాత టింక్చరులో సారాయి యుండును గావున మంట మఱింత యెక్కువ. కొందఱికి నిజముగానే ఆ మందు సరిపడదు. అట్టివారిలో బహుస్వల్పసంఖ్యాకులకు, అయోడినును పట్టియుంచు పొవిడోనే దోషి కావచ్చును. చర్మవైద్యుని పరీక్షవలన నిది తేలును. నిజమని తేలినవారికి వేఱు మందు లున్నవి.

రెండవది, స్కానుకొఱకు రక్తములోనికి ఎక్కించు మందు. దీనిలో అయోడి నున్నమాట నిజమే. ఎముకవలె నిదియు ఎక్స్‌రే కిరణముల నడ్డుకొని లోపలి భాగములను స్పష్టముగా చూపును. అట్టి యొక్క పరీక్షలో ముప్పది గ్రాముల యయోడినువఱకు శరీరములోనికి పోవచ్చును. అనగా జీవితకాలమంతటికిని కావలసినదానికి ఏడెనిమిది రెట్లు! అయినను అత్యధికసంఖ్యాకులకు ఏ యుపద్రవమును రాదు. వచ్చినవారికి వచ్చునది ఆ మందుయొక్క పూర్తి యణువువలన గాని అందలి యయోడినువలన గాదు. ఒంటిలో వెచ్చదనము, నోట లోహపు రుచి కలుగుట సహజము. అది యెలర్జీ గాదు. దద్దురులు, ముఖపువాపు, ఉబ్బసము, రక్తపుపోటు పడిపోవుట మాత్రము ఎలర్జీ లక్షణములు. ఒకమాఱు వచ్చినవారు రెండవమాఱు జాగ్రత్తపడవలెను. వారు ముందుగా చెప్పినచో వైద్యులు అదే జాతిలో వేఱొక మందును ఎన్నుకొందురు, కొన్ని గంటల ముందు నివారణమాత్ర లిత్తురు, లేక అయోడిను లేని మఱియొక పరీక్షను ఆలోచింతురు. ప్రాణాపాయము తోచినపుడు తొడకండలో నిచ్చు ఆడ్రినలిను ఇంజెక్షనే ప్రథమచికిత్స.

మూడవది, చేపలు, రొయ్యలు పడకపోవుట. సముద్రమున పుట్టినవానిలో అయోడి నుండునని విని, అవి పడనివారికి స్కాను మందును పడదని ఎవరో ముడివేసిరి. ఇది కేవలము కాకతాళీయన్యాయము. రొయ్యలు పడనివారికి సాధారణముగా శత్రువు ట్రోపోమయోసిన్ అను మాంసకృత్తు. చేపలు పడనివారికి పార్వాల్బుమిన్. వానికిని అయోడినునకును సంబంధము లేదు. అట్టివారు రొయ్యలు మానవలసినదే. ఉప్పు మాన బనిలేదు, స్కానునకు భయపడ బనిలేదు.

ఇక థైరాయిడు వ్యాధి గలవారి సంగతి వేఱు. ఆ గ్రంథి అతిగా పనిచేయువారికి అధికమగు అయోడినువలన వ్యాధి ముదురవచ్చును. వారు స్కానునకు పోవునపుడు ఆ మాట తప్పక చెప్పవలెను. అది యెలర్జీ గాదు, గ్రంథియొక్క ధర్మము.

ఈ సందర్భమున మన తెలుగువా డొకరిని స్మరింపక యుండజాలను. గొంతువాపును సుశ్రుతుడు గలగండమని పేర్కొనెను. హిమాలయపాదములయం దది యూరూరను పీడించుచుండెను. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారు తమ సహచరులతో కూడి 1956లో కాంగ్రా లోయయందు కొన్ని గ్రామములకు అయోడిను కలిపిన యుప్పును, కొన్నిటికి మామూలు ఉప్పును ఇప్పించి, ఏండ్లతరబడి పరిశీలించిరి. అయోడిను అందినచోట గలగండము ఎంతో తగ్గినది. చూచితిరా, అన్వయ వ్యతిరేకములు! తత్ఫలితముగా 1962లో భారతప్రభుత్వము జాతీయ గలగండ నివారణ పథకమును ఆరంభించెను. అయోడిను కొఱవడుటవలన గొంతువాపే గాక గర్భస్రావములు, శిశువులయందు చెవుడు, బుద్ధిమాంద్యము గూడ కలుగునని తేలినందున 1992లో ఆ పథకము పేరును విస్తరింపజేసిరి. 2006వ సంవత్సరము మే 17వ తేదీనుండి అయోడిను లేని యుప్పును తినుటకై విక్రయించుట నిషిద్ధము. వాడుకవానికి చేరునప్పటికి పదిలక్షల భాగముల యుప్పులో 15 భాగములకు తక్కువ గాకుండ అయోడిను ఉండవలెను. ఒక మహనీయుడు కొండలోయలు తిరిగి సాధించిపెట్టినదానిని, ఒక చీటియందలి రెండు మాటలకు వెఱచి నేను నా వంటింటినుండి వెడలగొట్టితినని తెలిసినపుడు మిక్కిలి సిగ్గుపడితిని.

కావున నేను మీకు విన్నవించునవి నాలుగు మాటలు. ఎవరైన "మీకు అయోడిను పడదు" అనినచో, వెంటనే నాలుగు ప్రశ్నల నడుగుడు: ఏ మందు? ఏ విధముగా నిచ్చిరి? ఎంతసేపటికి, ఏమి జరిగెను? దానికి ఏ చికిత్స చేసిరి? ఆ నాలుగు సమాధానములను తేదీతో వ్రాయించుకొనుడు. అస్పష్టమైన మాట యొకటి చీటిలో నున్నచో దానిని మోసికొని తిరుగక, తెలిసిన వైద్యునిచే సరిచేయించుకొనుడు. నిజముగా నేదైన మందు సరిపడనివారు ఆ మందు పేరు వ్రాసిన కాగితమును ఎల్లప్పుడును దగ్గఱ నుంచుకొనుడు, దాచుటయు నపాయమే. ఏ స్థితిలోను వైద్యుడు చెప్పక యింటి యుప్పును మార్చకుడు. దానిని తడి తగులకుండ మూతపెట్టి భద్రపఱచుకొనుడు.

దాతలకు నాదొక ప్రార్థన. విద్యార్థుల వేతనములకు మీ రిచ్చుచున్న ధనము వృథాగా పోవుట లేదు. దానితోపాటు, మన సంఘ కుటుంబములకు ఒక్కొక్క ఆరోగ్యపత్రికను అచ్చువేయించి యిప్పింపుడు. అందులో "పడని మందులు" అని ఒక్క గడి గాక, నేను చెప్పిన నాలుగు ప్రశ్నలకు నాలుగు గడు లుండవలెను. దీనికి అగు ఖర్చు స్వల్పము. మన చదువుకొన్న బాలబాలికలు ఇంటింటికి పోయి పెద్దల నడిగి నింపగలరు. ఆ పనికి నా వంతు సాయము నేను చేయగలవాడను. అక్షరములు దిద్దుటకు నా కన్ను లింకను పనిచేయుచున్నవి.

నా ధర్మపత్ని యీ సభలో స్త్రీల వరుసలో కూర్చుండియున్నది. తన సంగతి పదిమందిలో చెప్పుటకు మొదట నొప్పుకొనలేదు. "చెప్పినచో ఇంకొక యింటికైన మేలగునేమో" యని తరువాత తానే యనెను. ఆ యింకొక యిల్లు మీలో నెవరిదైనను నా శ్రమ ఫలించినట్లే.