కోళ్ల కలరా



భోగాపురము చుట్టుపట్ల పల్లెలలో పెరటికోడి పేదయింటి చేతిసొమ్ము. దానిని హరించు కోళ్ల కలరాను గూర్చి నేను నేడు నాలుగు మాటలు విన్నవించెదను.

ఇది కొక్కెర తెగులు కాదు. కొక్కెర తెగులునకు మూలము వైరసు. దీనికి మూలము బాక్టీరియా యను సూక్ష్మజీవి. అది ముక్కు, నోటి పొరలనుండియో గాయమునుండియో లోనికి జొచ్చి నెత్తుటిలో పెరుగును. తీవ్రమైనచో రాత్రి గూటిలో బాగున్న కోడి తెల్లవారుసరికి చచ్చిపడియుండును. నిదానించినచో జుట్టు నీలివన్నెకు తిరిగి, పచ్చని విరేచనములగును. వ్యాధి ముదిరి నిలిచిన కోళ్లకు తమ్మెలు, కీళ్లు వాచి చీము గడ్డకట్టును. చచ్చినదానిని పశువైద్యుడు కోసి చూచినచో కాలేయముపై సూదిమొనలంత తెల్లని చుక్కలు కానవచ్చును. ఆ చుక్కలన్నియు చచ్చిన కండయే.

1880లో ఫ్రాన్సు దేశీయుడగు పాశ్చరు పండితుడు ఈ సూక్ష్మజీవులనే బలహీనపరచి కోళ్లకెక్కించి, వాటిని వ్యాధినుండి కాపాడవచ్చునని లోకమునకు వెల్లడించెను.

కాని మనలో కొందరు కోడి తూగుట చూడగనే, చచ్చిన కాసు రాదని సంతకు పంపుదురు. ఆ యొక్క కోడి పదియూళ్ల గూళ్లకు వ్యాధిని పంచును. కోలుకొన్న కోడియు సూక్ష్మజీవులను మోయుచుండవచ్చును.

కావున జబ్బుకోడిని వేరుచేసి, పశువైద్యునకు చూపి, ఆయన చెప్పిన మందే వాడుడు. చచ్చినదానిని చెరువులోగాని దిబ్బపైగాని పారవేయక, లోతుగ గోయి తీసి సున్నము చల్లి పూడ్చుడు. నీళ్లమూకుళ్లు కడిగి యెండబెట్టుడు. ఎలుకలను గూటికి చేరనీయకుడు.

జబ్బుకోడి సంతకెక్కరాదని మీరు కట్టుబాటు చేసినచో ఊరు వినును. మందుకంటె ముందు కావలసినది ఆ మాటయే.