హరిత భవనం: లాభమెంత, భారమెంత?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం తలపెట్టిన బాలికల హాస్టల్‌ను హరిత భవనంగా కట్టాలని కొందరు, అది డబ్బున్నవాళ్ల ముచ్చట అని మరికొందరు అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

ఏప్రిల్ మధ్యాహ్నం బడిలో పై అంతస్తు గదిలో కాసేపు నిలబడండి. శ్లాబు కాగిపోయి ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది. పిల్లలు బల్లల మీద తలలు వాల్చేస్తారు. అది బద్ధకమనుకుని చాలా ఏళ్లు మందలించాను. ఒక వేసవిలో మిద్దెకు తెల్ల సున్నం వేయించాక గానీ తప్పు పిల్లలది కాదని తెలియలేదు. ఎండను అడ్డుకోవడం, గాలిని రానివ్వడం, నీటిని పొదుపు చేయడం: హరిత భవనానికి ఇవే ఓనమాలు.

హైదరాబాద్‌లోని సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లో లీడ్ ప్లాటినం గుర్తింపు వచ్చింది. అమెరికా బయట ఆ గుర్తింపు పొందిన తొలి భవనం అదే. 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన ఆ భవనంలో జాలీ గోడలు ఉన్నాయి. జాలీ మన పెద్దల కట్టడాల్లో ఎప్పటినుంచో ఉన్నదే కదా!

విశాఖకు మరో సౌలభ్యం ఉంది. పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలితే బూడిద మిగులుతుంది. బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీలో కాల్చకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని రూపొందించిన భానుమతీదాస్, కాళిదాస్ గార్లు మన ఊరి శాస్త్రవేత్తలే. ఈ ఇటుకకు పొలం మట్టి తవ్వనక్కర్లేదు. ఉక్కు కొలిమిలో మిగిలే స్లాగ్‌తో చేసిన సిమెంటు సముద్రపు ఉప్పును బాగా తట్టుకుంటుంది.

ఇక నీరు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 1 మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. ఏటా ఎన్ని వేల లీటర్లు కాలువలో కలుస్తున్నాయో లెక్క వేయండి. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయరాదని ప్రవక్త (స) బోధించారు. వుజూ నీటిని మొక్కలకు మళ్లించడం కూడా హరిత పద్ధతే.

ఇప్పుడు భారం సంగతి. సోలార్‌కు, వాన నీటి ట్యాంకుకు ముందే ఎక్కువ డబ్బు కావాలి. బూడిద ఇటుక నాసిరకమైతే, తడపడంలో అశ్రద్ధ చేస్తే గోడ నిలవదు. స్లాగ్ సిమెంటు నెమ్మదిగా బలపడుతుంది. సెంట్రింగ్ తొందరపడి విప్పకూడదు. పోర్టు బొగ్గు ధూళి సోలార్ పలకల మీద పేరుకుంటే కరెంటు తగ్గుతుంది. తొలి వాన నీటిని ట్యాంకులోకి పోనివ్వరాదు. ఉప్పుగాలికి ఇనుప చట్రాలు తుప్పు పడతాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను మరచిపోలేదు కదా! బిగింపు గట్టిగా లేకపోతే పలకలు ఎగిరిపోతాయి. ఇంకో మాట: బ్యాటరీ లేని సోలార్, లైన్లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది.

అందుకే నా మనవి ఇది. ముందు ఖర్చు తక్కువ పనులు చేద్దాం: గాలి దిక్కు చూసి కిటికీలు, వాటిపై వెడల్పు సజ్జాలు, తెల్ల మిద్దె, వాన నీటి ట్యాంకు. నిర్వహణకు డబ్బు సమకూరాకే సోలార్ పెడదాం.

శిలాఫలకం మీద పేరుకు దాతలు ముందుకొస్తారు. అయిదేళ్ల తర్వాత పలకలు కడిగే మనిషి కూలికి ఎవరు ముందుకొస్తారు? సదఖా జారియా అంటే ఆగకుండా ప్రవహించే దానం. పంపు చెడి మూలపడితే ఆ ప్రవాహం ఎక్కడ? ఈ ఏడాది చందా రాసేటప్పుడు, అందులో కొంత నిర్వహణ నిధికని కూడా రాయండి. ఆ పేరు ఏ ఫలకం మీదా ఉండదు. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం ఆ గదిలో ఒక అమ్మాయి తల వాల్చకుండా చదువుకుంటుంది.

అల్లాహ్ మన సంకల్పాన్ని సఫలం చేయుగాక. ఆమీన్.