ఆటలో ఇంటిగుట్టు

"ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెత శ్రోతలందరకు తెలిసినదే. ఇంటిలోని మాటను వీథిలో పెట్టినవానిని నిందించుటకే మనము దీనిని వాడుచుందుము. విభీషణుడు ముందుగా అన్నకు సభలోనే హితము చెప్పెననియు, అది చెవికెక్కనప్పుడే గడప దాటెననియు సామెత చెప్పదు. అమెరికాలో బేస్‌బాల్ ఆటయే జీవనముగా గలవారి నడుమను ఇట్టి కట్టుబాటు ఒకటి కలదు. జట్టు గదిలో విన్నది, కన్నది ఆ గదిలోనే ఉండవలెను. ఆ కట్టు దాటి తోటివారి మోసమును బయటపెట్టిన ఆటగాండ్రను గూర్చి నేడు కొంత ముచ్చటింతము.

ముందుగా ఆ ఆటలోని ఒక మర్మము తెలియవలెను. మన క్రికెట్టులో బౌలరు వంటివాడు అక్కడ పిచ్చరు. బ్యాటు పట్టినవాని వెనుక కూర్చుండు క్యాచరు, ఏ బంతి వేయవలయునో వ్రేళ్లతో పిచ్చరునకు సైగ చేయుట చిరకాలపు ఆచారము. వచ్చునది వేగపు బంతియో, మెలిక బంతియో ముందే తెలిసినచో కొట్టువాని పని సగము తేలికయగును. రెండవ బేసుకడ నిలిచిన ఆటగాడు తన కన్నులతో ఆ సైగను పసిగట్టినచో అది తప్పు కాదు, నేర్పు. యంత్రసాయమున దొంగిలించుట మాత్రము నిషిద్ధము.

2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు తన సొంత మైదానమున చేసినది ఆ నిషిద్ధకార్యమే. మైదానపు దూరపుటంచునుండి ఒక కెమెరా క్యాచరు వ్రేళ్లను చూపెడిది. ఆ బొమ్మ ఆటగాండ్రు కూర్చుండు చోటికి చేరువనున్న తెరపై కనబడెడిది. చూచినవాడు చెత్తడబ్బాపై బాదెడివాడు. చప్పుడైనచో మెలిక బంతి. కాకున్న వేగపు బంతి. ఆ యేడే ఆ జట్టు లాస్ ఏంజిలస్ డాడ్జర్స్‌ను నాలుగు ఆటలకు మూడు ఆటలుగా ఓడించి వరల్డ్ సిరీస్ గెలుచుకొనెను.

ఈ సంగతిని 2019 నవంబరు 12న 'ది అథ్లెటిక్' పత్రికలో తన పేరుతో చెప్పినవాడు మైక్ ఫయర్స్. 2017లో అతడు ఆ జట్టు పిచ్చరే. చెప్పునాటికి ఓక్లండ్ జట్టులో ఉండెను. క్రొత్తగా పైకి వచ్చిన పిల్లలు ఆట ఆరంభముననే దెబ్బతిని, వెంటనే క్రింది జట్లకు పంపబడుచున్నారని అతని బాధ.

మైక్ బోల్సింజర్ అను పిచ్చరు కథ ఆ బాధకు అర్థము చెప్పును. 2017 ఆగస్టు 4న టొరాంటో పక్షమున హ్యూస్టన్‌లో బంతి వేసి, ఒక్కనిని మాత్రమే ఔటు చేసి, నాలుగు పరుగులిచ్చెను. పెద్ద లీగులలో అతడు బంతి వేయుట అదియే కడపటిసారి. తరువాత హ్యూస్టన్ అభిమానియే ఒకడు ఆ యేటి 58 ఆటల చిత్రములను చూచి, 8,200 పైచిలుకు బంతులలో 1,143 బంతులకు ముందు చప్పుడు వినబడినట్లు లెక్క తేల్చెను. బోల్సింజర్ వృత్తి ముగియుటకు ఆ చప్పుడే కారణమని మేము రూఢిగా చెప్పజాలము. కాని తన లోపమువలన ఓడితినా, ఎదుటివాని మోసమువలన ఓడితినా అని జీవితాంతము సందేహింపవలసివచ్చుటను మించిన అన్యాయము ఆటగానికి వేరొకటి యుండునా?

2020 జనవరి 13న కమిషనరు రాబ్ మన్‌ఫ్రెడ్ తీర్పు వెలువడెను. జట్టునకు 50 లక్షల డాలర్ల జరిమానా. జనరల్ మేనేజరు జెఫ్ లూనో, మేనేజరు ఎ. జె. హించ్ అనువారికి ఏడాది బహిష్కారము. యజమాని వారిద్దరిని ఆనాడే పనినుండి తొలగించెను. ఆ మోసము హించ్‌కు నచ్చలేదు. ఆ తెరను రెండుమారులు తానే పాడుచేసెను. అయినను మానుడని ఆటగాండ్రతో ఒక్కమాట అనలేదు. ఆటగాండ్రకు మాత్రము నిజము చెప్పినచో శిక్ష లేదని అభయమిచ్చి విచారించినందున ఒక్కనికిని శిక్ష పడలేదు.

అప్పుడు ఇతర జట్లవారి నోళ్లు తెరచుకొనెను. 2020 ఫిబ్రవరిలో డాడ్జర్స్ ఆటగాడు కోడీ బెలింజర్, హ్యూస్టన్‌వారు తమ విజయమునే కాక, న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్‌కు రావలసిన ఉత్తమ క్రీడాకారుని బహుమానమును గూడ దొంగిలించిరని బాహాటముగా అనెను. ఆ బహుమానము పొందినవాడు హ్యూస్టన్ జట్టులోని హొసే ఆల్టూవే. అతడు ఆ చప్పుళ్లను వాడుకొనలేదని తోటి ఆటగాడు కార్లోస్ కొరెయా కటువుగా బదులిచ్చెను. ఎవరి మాట నిజమైనను ఒకటి స్పష్టము. నిజము దాచిన ఇంటిలో నిర్దోషికిని అనుమానము తప్పదు.

ఫయర్స్‌ను మెచ్చినవారున్నారు, తిట్టినవారును ఉన్నారు. ఆ జట్టులో నున్నప్పుడే చెప్పియుండిన ధైర్యమనియుందును, వెడలిన పిదప చెప్పుట మంచి సహచరుని లక్షణము కాదని మేటి పిచ్చరు పెడ్రో మార్టినెజ్ అనెను. ఈ మాటలో బలము లేకపోలేదు. కాని ఆలస్యముగా చెప్పిన నిజము అబద్ధమగునా? 2005లో హొసే కన్సేకో తాను ఉత్ప్రేరకములు వాడితినని ఒప్పుకొనుచు, తోటివారి పేర్లనుగూడ పుస్తకమున వ్రాసెను. డబ్బుకొరకు వ్రాసెనని పలువురు ఈసడించిరి. ఆ పేర్లలో నొకడైన మార్క్ మెగ్వైర్ 2010లో తానును వాడితినని స్వయముగా ఒప్పుకొనెను. చెప్పినవాని గుణము వేరు, చెప్పిన మాట నిజము వేరు.

మౌనమునకు ఆ ఆటలో ఒకప్పుడు ఎంత వెల కట్టిరో గూడ వినవలెను. 1919లో షికాగో వైట్ సాక్స్ ఆటగాండ్రు కొందరు జూదగాండ్రవద్ద డబ్బు తీసికొని వరల్డ్ సిరీస్ ఓడిరి. 1921లో ఎనమండుగురు జీవితాంతము బహిష్కృతులైరి. వారిలో బక్ వీవర్ ఒకడు. అతడు డబ్బు ముట్టలేదు, బాగుగనే ఆడెను. కుట్ర తెలిసియు చెప్పలేదన్నదే అతని నేరము. 1956లో మరణించువరకు మన్నింపుకొరకు అతడు చేసిన యత్నములు ఫలింపలేదు. 2025లో గాని అతని పేరు ఆ పట్టికనుండి తొలగలేదు.

చెప్పనివానికి నాడు ఆజన్మశిక్ష. చెప్పినవానికి నేడు నింద. ఈ రెంటి నడుమ ఆటగాడు ఏమి చేయవలెను? 2022 నుండి మీట నొక్కి సైగ తెలుపు పరికరము బేస్‌బాల్‌లో ప్రవేశించినది. దానితో వ్రేళ్లను చూచి దొంగిలించు పని తప్పినది. కాని తనవాని తప్పును తనవారిలోనే, తగిన వేళ, ఎదుట నిలిచి అనగల నోటికి బదులు పనిచేయు పరికరము లేదు. ఆ మొదటిమాటను ఇంటివారు విన్నచో ఎవడును గడప దాటవలసిన పనియుండదు. లంకకు చేటు గుట్టు బయటపడుటవలన కాదు, హితము వినకపోవుటవలన వచ్చినదని మా అభిప్రాయము.