కౌమార ఆరోగ్యం: ఫర్వానియాలో తల్లి, ఊళ్లో బిడ్డ

పది నుంచి పంతొమ్మిదేళ్ల వయసును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా లెక్కిస్తుంది. ఆడపిల్ల పెద్దమనిషి కావడం, మగపిల్లవాడి గొంతు మారడం ఈ వయసులోనే. నెలసరి మొదలైనంత మాత్రాన శరీరం కాన్పుకు సిద్ధమైనట్టు కాదు. కటి ఎముకలు ఆ తరువాత కూడా కొన్నేళ్లు పెరుగుతాయి. ఆలోగా గర్భం వస్తే, తినే తిండి తల్లి ఎదుగుదలకూ బిడ్డ ఎదుగుదలకూ చాలాలి. అందుకే చిన్న వయసు కాన్పుల్లో గుర్రపువాతం, బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకుండానే పుట్టడం ఎక్కువ.

1994లో కైరో సదస్సులో 179 దేశాలు పునరుత్పత్తి ఆరోగ్యాన్ని హక్కుగా ఒప్పుకున్నాయి. తన శరీరం గురించి తెలుసుకోవడం, గుట్టుగా వైద్య సలహా పొందడం, ఇష్టం లేని పెళ్లిని కాదనడం ఆ హక్కులో భాగాలే. ప్రపంచవ్యాప్తంగా 15–19 ఏళ్ల బాలికల్లో ప్రతి వెయ్యి మందికి ప్రసవాలు 2000లో సుమారు 64 ఉండగా, 2023 నాటికి 41కి తగ్గాయి. బాలికలు బడిలో ఎక్కువ కాలం ఉండటం ఈ తగ్గుదలకు ఒక ముఖ్య కారణం.

చట్టాలూ మారాయి. ఫర్వానియా ఉన్న కువైట్‌లో 1984 నాటి కుటుంబ చట్టం ప్రకారం అమ్మాయికి 15, అబ్బాయికి 17 ఏళ్లు నిండితే పెళ్లి నమోదయ్యేది. 2025లో ఇద్దరికీ 18గా సవరించారు. భారత్‌లో 2006 చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి.

అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 15–19 ఏళ్ల వారిలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భవతులో. దేశం మొత్తం మీద ఇది 6.8 శాతమే.

ఈ లెక్క ఫర్వానియాలోని తెలుగువాళ్లకు దూరమైనది కాదు. జిలీబ్, ఖైతాన్ వంటి పేటల్లో ఉద్యోగుల పిల్లలు కొందరు తల్లిదండ్రుల దగ్గరే ఉండి భారతీయ పాఠశాలల్లో చదువుతారు. ఇంటిపని వీసా మీద కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన స్త్రీలకు ఆ వీలు లేదు. వారి పిల్లలు ఊళ్లో అమ్మమ్మల, నాయనమ్మల దగ్గర పెరుగుతారు. ఎదిగే పిల్లను కనిపెట్టుకోవడం ముసలివాళ్లకు బరువైనప్పుడు, పెళ్లి చేసేస్తే బాధ్యత తీరుతుందన్న ఆలోచన వస్తుంది. నెలసరి సందేహాలు ఎవరిని అడగాలో పిల్లకు తెలియదు.

అలాంటి ఇళ్లకు ఊళ్లోనే కొన్ని ఆసరాలున్నాయి. బడిలో, అంగన్‌వాడీలో వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్ర రక్తహీనతను తగ్గిస్తుంది. దాన్ని భోజనం తరువాత వేసుకోవాలి. వెంటనే టీ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు. ప్రభుత్వ బడుల బాలికలకు ఉచితంగా న్యాప్‌కిన్లు ఇచ్చే స్వేచ్ఛ పథకాన్ని ఆంధ్రప్రదేశ్ 2021లో మొదలుపెట్టింది. 2014లో వచ్చిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కౌమార క్లినిక్‌లు ఏర్పడ్డాయి. అక్కడికి మగపిల్లలూ వెళ్లవచ్చు. గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా 9–14 ఏళ్ల మధ్య వేయిస్తే ఎక్కువగా పనిచేస్తుంది.

కువైట్ నుంచి ఫోన్ చేసే తల్లి, బిడ్డ చదువుతో పాటు నెలసరి క్రమంగా వస్తోందా, రక్తస్రావం ఎక్కువగా ఉందా, మాత్రలు వేసుకుంటోందా అని అడగాలి. తేడా ఉంటే ఊళ్లోని ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో చూపించమని పెద్దవాళ్లకు చెప్పాలి. బాల్యవివాహం జరగబోతోందని తెలిస్తే ఊళ్లో ఎవరైనా 1098కి ఫోన్ చేయవచ్చు.