పొదుపు పుస్తకంలో మన కోరికకూ ఒక పేజీ

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



సూక్ష్మ ప్రణాళిక రాసేటప్పుడు మనల్ని ఏమడుగుతారు? అప్పు ఎందుకు, ఎంత, ఎప్పటికి కడతావు అని. గేదె అని, కొట్టు అని, పిల్ల ఫీజు అని టకటకా చెప్పేస్తాం. "సరే, నీకేం నేర్చుకోవాలని ఉంది?" అంటే మాత్రం పక్కామె మొహం చూస్తాం.

మా సంఘంలో ఈ మాట అడిగి చూశాం. ఒకామె, సంతకం వచ్చుగానీ పేపరు చదవడం రావాలంది. ఒకామె పదో తరగతి పాసవ్వాలంది. అరవై దాటిన పెద్దమ్మ, "మా అత్త నేర్పిన నాట్ల పాటలు నాతోనే పోతాయేమో, ఎవరైనా రాసుకోండమ్మా" అంది. ఇన్నేళ్లూ ఈ కోరికలు మా మధ్యే ఉన్నాయి. ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

ఇది పొదుపు సంఘం పనా అని కొందరంటారు. ఒక్కసారి వెనక్కి చూడండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో పాఠాలు చదువుకున్న ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. తర్వాత ఆ జిల్లాలోనే ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. అంటే ముందు పలక, ఆ తర్వాతే పాస్‌బుక్కు.

పంచసూత్రాలు మనకు కంఠతా వచ్చు కదా. వాటినే ఇక్కడా పెడదాం. సమావేశం అయ్యాక ప్రతిసారీ అరగంట నేర్చుకోడానికి. ఇంట్లో రోజూ కొంచెం, పొదుపులాగే. తెలిసినామె తెలియనామెకు చెప్పాలి, అది అంతర్గత అప్పు. నేర్చుకున్నామె ఇంకొకరికి నేర్పాలి, అది వాపసు. ఎవరు ఎందాకా వచ్చారో పుస్తకంలో రాయాలి.

పది రాయాలనుకునేవాళ్లు వినండి. ఓపెన్ స్కూల్లో చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి పాసవ్వాలని లేదు. పాసైనవి అలాగే ఉంటాయి, మిగతావి తర్వాత రాసుకోవచ్చు. కోతల కాలంలో రెండు ఆగిపోయినా మునిగిపోయేదేం లేదు.

పాటలకైతే ఒక నోటుపుస్తకం చాలు. పెద్దమ్మ పాడుతుంటే మా బుక్‌కీపర్ రాస్తోంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి. మధ్యలో చరణం గుర్తు రాకపోతే పెద్దమ్మ కళ్లు మూసుకుని, నారు నాటినట్టు చెయ్యి ఆడిస్తుంది. చరణం వచ్చేస్తుంది.

ఇంట్లో నవ్వుతారంటారా? సంఘంలో చేరిన కొత్తలోనూ నవ్వారు. లోను వచ్చాక ఆపారు. ఇందులో లోను రాదు కాబట్టి ఇంకొంచెం ఎక్కువ కాలం నవ్వుతారు. అసలు గొడవ అది కాదు. ఆ అరగంట ఇంటిపని ఎవరు చూస్తారన్నదే గొడవ. ఆ మాట ఒక్కతే ఇంట్లో అడగలేదు. సంఘమంతా కలిసి అడగాలి.

నేను కోరేది ఒక్కటే. వచ్చే నెల సమావేశంలో ప్రతి సభ్యురాలి పేరు పక్కన ఒక లైను రాయించండి: ఏం నేర్చుకోవాలి, ఎవరి దగ్గర, ఎప్పటిలోగా. రాయడం రానామెది పక్కామె రాయాలి. వచ్చే ఏడాది ఈ సభలో రికవరీ లెక్కతో పాటు ఆ లెక్కా చదువుకుందాం.

సెలవు.